సైన్ ఆఫ్ చెయ్యకుండా లేవకండి

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు మాకు అమ్మ నోట వచ్చింది, రాత తర్వాత మేమే కూడబలుక్కొని నేర్చుకొన్నది. అక్షరం తప్పుంటే దిద్దుకొని చదవండి.

పోయిన ఆదివారం మీటింగులో ఒక మాట వచ్చింది. చందాల లెక్క ఉండే కంప్యూటరు పాస్‌వర్డ్ ట్రెజరర్ ఒక్కరి దగ్గరే ఉంది, ఆయన ఊరికి పోతే పని నిలిచిపోతా ఉంది, అదే పాస్‌వర్డ్ కమిటీలో నలుగురికీ ఇచ్చేస్తే సరి అని. చాలామంది తల ఊపినారు. మేము నోరు మెదపలేదు. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తా ఉన్నాం.

కె.జి.ఎఫ్. వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. షిఫ్టు ముగిసినాక ఎవరు పైకి వచ్చినారు, ఎవరు రాలేదు అనేది పేరు, నంబరు చూసే చెప్పాల. ఒకరి నంబరు మీద ఇంకొకరు దిగితే, కింద రాక్ బరస్ట్ అయిన రోజు కబురు ఎవరింటికి పంపాల?

మేము రిజర్వేషన్ కౌంటర్లో కూర్చున్నప్పుడు మా ఎదుట ఉండింది ఉత్త తెర, కీబోర్డు. అసలు కంప్యూటరు మద్రాసులో. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు, ఈ అయిదు కేంద్రాలనూ 1999 ఏప్రిల్‌లో కలిపినారు. అంతదూరంలోని యంత్రానికి మా ముఖాలు ఏం తెలుసు? ఐడి, పాస్‌వర్డ్, అంతే. షిఫ్టు చివర ఆ ఐడి మీద ఎంత టికెట్టు పోయింది, ఎంత రీఫండు ఇచ్చినారు అని లెక్క వస్తుంది. చేతిలోని రొక్కం దానికి సరిపోవాల. తగ్గితే ఆ గుమాస్తా మీద డెబిట్.

ఒక పండగ రద్దీ రోజు మా తోటి గుమాస్తా టీకి లేచినాడు. సైన్ ఆఫ్ చెయ్యలేదు. మా తెర ఆగిపోయి ఉండింది, కిటికీ దగ్గర జనం అరుస్తా ఉండినారు. ఆయన సీట్లో కూర్చొని ఒక పెద్ద క్యాన్సిలేషన్ చేసి, రొక్కం ఇచ్చి పంపేసినాం. రద్దీలో అంకె తప్పు చూసి ఎక్కువ ఇచ్చినట్టు సాయంత్రం తెలిసింది. లెక్క ఆయన ఐడి మీద. తగ్గిన డబ్బు ఆయన జీతంలో పట్టుకొన్నారు. మేమంటే ఆ షిఫ్టులో మిగిలిన ముగ్గురం. కీ నొక్కింది ఎవరో ముగ్గురికీ తెలుసు. ఒక్కరమూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడినాక మన పిల్లలంతా మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి బతికేవాళ్లు కదా. అట్లా పోయే పక్కింటి అబ్బాయి ఒకడు ఒక ఆఫీసులో ఏ.ఎస్. 400 అనే కంప్యూటరుకు ఆపరేటరు. ఐ.బి.ఎం. వాళ్లు 1988లో తెచ్చిన మెషిను. బంగారుపేట దాటినాక మేము మా కౌంటరు కథ చెప్తే, వాడు వాళ్ల మెషిను కథ చెప్పినాడు.

ఆ మెషిను లోపల పనిని గదులుగా పంచి పెడతారంట. ఒక్కో గదికి సబ్‌సిస్టం అని పేరు. తెర ముందు కూర్చొని చేసే పనికి క్యూఇంటర్, వెనకాల నడిచే పనికి క్యూబ్యాచ్. ఏ తెర ఏ గదిలోకి పోవాలో వర్క్‌స్టేషన్ ఎంట్రీ అని ముందే రాసి పెట్టాల. ఒకే తెరను రెండు గదుల్లో రాసేస్తే? "మామా, మన రైల్లో సీటు మాదిరే. ఎవరూ సైన్ ఆన్ చెయ్యకుంటే తర్వాత లేచిన సబ్‌సిస్టం దాన్ని లాక్కుంటుంది. మనిషి కూర్చొని ఉంటే కదిలించలేదు" అన్నాడు.

ఇంకా చెప్పినాడు. ఇన్నిసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే ఆ తెరో, ఆ ఐడినో ఆపెయ్యమని పెట్టొచ్చు. ఇన్ని నిమిషాలు ఎవరూ తాకకుంటే ఆ పని ముగించమని పెట్టొచ్చు. అన్ని అధికారాలూ ఉండే సెక్యూరిటీ ఆఫీసరును కూడా, తనకు అనుమతి రాసిన తెర మీద తప్ప ఇంకెక్కడా లోపలికి పోనీకుండా కట్టడి చెయ్యొచ్చు. అంటే తాళాలు రెండు: ఏ తెర అనేది ఒకటి, ఏ మనిషి అనేది ఒకటి. వైట్‌ఫీల్డ్ వచ్చేదాకా మేము కిటికీలోంచి బయటికే చూస్తా ఉండినాం. తలుపు తెరిచిపెట్టి టీకి పోయింది ఆయన తప్పే. కానీ దూరింది మేము.

రిటైరయినాక ముగ్గురం కలిసి రాబర్ట్‌సన్‌పేటలో ఆయన ఇంటికి పోయినాం. ఆ డబ్బు కవర్లో పెట్టి ఇచ్చి, జరిగింది చెప్పినాం. ఆయన ఏమీ అనలేదు. కౌంటరు అలవాటు పోలేదు, రెండుసార్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకొన్నాడు. వాళ్లింట్లో ఆమె కాఫీ ఇచ్చింది.

అందుకే మా మనవి. ఒకే పాస్‌వర్డ్ నలుగురికి ఇవ్వవద్దు. నలుగురికి నాలుగు పేర్లు పెట్టండి. చందా ఎక్కించేవారికి ఎక్కించే అధికారం చాలు, దిద్దే అధికారం ట్రెజరర్‌కే ఉండనీ. ఆయన ఊరికి పోతే ఇంకొకరు తమ పేరు మీదే దిద్దాల. పదవి దిగినవాళ్ల పేరు అదే రోజు తీసెయ్యండి. ఇది ఒకరి మీద అనుమానంతో అనడం లేదు. రేపు లెక్క తగ్గితే, తప్పు చెయ్యనివారు తలవంచుకొని కూర్చోకూడదు అని.

వచ్చే ఆదివారం మీటింగుకు ముగ్గురమూ వస్తాం. ఈసారి నోరు తెరుస్తాం.