నవ్వు ఒక నిమిషం ఆలస్యంగా

మధ్యాహ్నం రెండింటికి వంటిల్లు సర్దేసి, కాస్త నడుం వాల్చే వేళ మీరు టీవీలో ఏం చూస్తారు? "ఏముంది, ఏదో ఒక సీరియల్" అంటారు కదూ! మొన్న మొన్నటిదాకా నేనూ అంతే. కోడలి పాలల్లో ఏదో కలిపిన అత్తగారిని నాలుగు వారాలు చూశాను. ఆ పిల్ల ఆ పాలు తాగిందో లేదో తేలకముందే నాకు విసుగొచ్చి కట్టేశాను.

ఈ వారం మీకు చెప్పాలనుకున్నది వాటి సంగతి కాదు. మనవాళ్ళు పెద్దగా చెప్పుకోని కొన్ని హాస్య ధారావాహికలూ, డాక్యుమెంటరీలూ ఉన్నాయి. వాటి గురించి నాకు తోచింది చెబుతాను. నేను చదివింది ఇంటర్మీడియటే. విమర్శలు రాయడం నాకు రాదు. చిన్నప్పట్నుంచీ టీవీ చూస్తున్న మనిషిని, అంతే.

మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ఒక హైస్కూల్లో హిందీ పండిట్. మాకొక బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. ఆ రోజుల్లో రాత్రిపూట ఢిల్లీ నుంచి హిందీ కార్యక్రమాలు మొదలవగానే చాలా ఇళ్ళలో టీవీ కట్టేసేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం అప్పుడే సందడి. పక్కింటి పిన్నిగారు, ఎదురింటి మామ్మగారు వచ్చి చాపల మీద కూర్చునేవారు. తెర మీద వాళ్ళు ఏదో అనేవారు. నాన్న ముందు తను నవ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని, అప్పుడు తాపీగా తెలుగులో చెప్పేవారు. మేము నవ్వేసరికి అక్కడ ఇంకేదో జరుగుతుండేది. అలా మా ఇంట్లో నవ్వు ఎప్పుడూ ఒక నిమిషం ఆలస్యంగానే వచ్చేది.

అలా చూసినవాటిలో 'ఫ్లాప్ షో' ఒకటి. 1989లో వచ్చింది. ఉన్నవి పది భాగాలే. జస్పాల్ భట్టీ అనే పంజాబీ ఆయన తీసి, తనే నటించారు. భార్యగా వేసిన సవితా భట్టీ నిజంగానే ఆయన భార్య, ఆ సీరియల్‌కి నిర్మాత కూడా ఆవిడే. పరిశోధక విద్యార్థులచేత ఇంటి చాకిరీ చేయించుకునే ప్రొఫెసరు, కట్టడాల్లో తినేసే కాంట్రాక్టరు, ఇలా వారానికొకరి భాగోతం బయటపెట్టేవారు. పెద్ద సెట్టింగులు లేవు, ఖరీదైన చీరలు లేవు. అయినా ఇప్పుడు చూసినా నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ మనుషులు ఇంకా మన మధ్యే ఉన్నారు.

మా అక్కయ్య పెళ్ళికి నాన్న పి.ఎఫ్. అప్పుకి అర్జీ పెట్టుకున్న రోజులవి. ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగారు. 'ఫైలు కదలాలంటే చక్రాలుండాలి మాస్టారూ' అన్నాట్ట అక్కడి గుమాస్తా. ఆ వారమే ఫ్లాప్ షోలో, ఫోను బాగు చేయించుకోవడానికి ఇంటాయన పడే పాట్లు చూపించారు. మేమందరం నాన్న మొహంకేసి చూస్తున్నాం, ఎప్పుడు తెలుగులో చెబుతారా అని. ఆయన నవ్వి నవ్వి, చివరికి "దీనికి తర్జుమా అక్కర్లేదర్రా" అన్నారు. అమ్మ మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నవ్వే కథలో అమ్మ ఏడవడమేమిటో అర్థం కాలేదు. నాలుగిళ్ళు నడిపాక ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ భట్టీ 2012లో కారు ప్రమాదంలో పోయారు. మరుసటేడు ఆయనకి పద్మభూషణ్ ఇచ్చారు. మెప్పు కూడా మా ఇంటి నవ్వులాగే ఆలస్యంగా వచ్చింది చూడండి!

'వాగ్లే కీ దునియా' అని 1988లో ఇంకోటి వచ్చింది. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ సృష్టించిన పాత్రలవి. కుందన్ షా దర్శకుడు. అంజన్ శ్రీవాస్తవ్ గుమాస్తాగా, భారతీ ఆచ్రేకర్ ఆయన భార్య రాధికగా వేశారు. నాకు నచ్చిందేమిటంటే, అందులో ఇల్లాలు గయ్యాళీ కాదు, ఏడుపుగొట్టూ కాదు. నెలాఖరున డబ్బులు చూసుకునే మామూలు ఆడమనిషి. ఇప్పటి కామెడీల్లో మగవాడు చీర కట్టుకొచ్చి చెంపదెబ్బ తింటే జనం పడి పడి నవ్వాలి. ఆడవేషం వేస్తే చాలు, అది హాస్యమైపోతుందా? మీరే చెప్పండి.

డాక్యుమెంటరీ అంటే మాకు 'సురభి'. సిద్ధార్థ్ కాక్, రేణుకా శహానే ఇద్దరూ దేశమంతా ఉన్న కళలూ, ఊళ్ళూ, వింతలూ చూపించి చివర్లో ప్రశ్న అడిగేవారు. నాన్న పదిహేను పైసల కార్డు మీద జవాబు రాసి, నాచేత డబ్బాలో వేయించేవారు. ఆ కార్యక్రమానికి వచ్చిపడిన కార్డులు మోయలేక తపాలావాళ్ళు పోటీల కోసమని వేరే ఖరీదైన కార్డు తెచ్చారు. మాకు ఒక్కసారీ బహుమతి రాలేదు. అయినా కార్డు వేసిన ప్రతిసారీ, ఈసారి మన పేరు చదువుతారేమోనని వారమంతా ఎదురుచూసేవాళ్ళం.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

రెండేళ్ళ క్రితం మా మామయ్యగారు పోయారు. అప్పట్నుంచీ అత్తయ్యగారు పెరటి వరండాలో కుర్చీ వేసుకుని, పెడితే తినడం, లేకపోతే లేదు. ఎవరు పలకరించినా "ఊఁ" తప్ప మాట లేదు. సీరియల్ పెడితే, చావు సీను రాగానే లేచి వెళ్ళిపోయేవారు. ఆ సీరియళ్ళలో వారానికొక చావు!

ఒకరోజు మా అబ్బాయి 'స్ట్రీట్ ఫుడ్ ఏషియా' అనే డాక్యుమెంటరీ పెట్టిచ్చాడు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. తొమ్మిది ఊళ్ళు, ఊరికో అరగంట. బ్యాంకాక్‌లో జై ఫై అనే పెద్దావిడ కళ్ళకి పెద్ద అద్దాలు కట్టుకుని బొగ్గుల పొయ్యి మీద పీతల ఆమ్లెట్ వేస్తుంది. సియోల్ బజారులో చో యోన్‌సూన్ అనే ఆవిడ ఇంటి అప్పులు తీర్చడానికి నూడుల్స్ అంగడి పెట్టుకుంది. నాకు నచ్చని సంగతీ చెబుతాను. ఎంత పిండికి ఎన్ని నీళ్ళో ఒక్కచోటా సరిగ్గా చెప్పరు. మన దేశం మొత్తానికి ఢిల్లీ ఒక్కటే చూపించారు. మన మిరపకాయ బజ్జీ వాళ్ళ కంటికి ఆనలేదు!

అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. నేను కింద వచ్చే అక్షరాలు చదువుకుని తెలుగులో చెబుతూ కూర్చున్నాను. ఇండోనేషియాలోని యోగ్యకర్త ఊరి కథ వచ్చింది. సతినెమ్ అనే ముసలావిడ తెల్లారకుండానే వీధిలో కూర్చుని తినుబండారాలు అమ్ముతుంది. అరిటాకులో చుట్టి ఉడికించిన జిగురు బియ్యం ముద్దని దారంతో ముక్కలుగా కోసి, పైన కొబ్బరి కోరు చల్లి, తాటిబెల్లంలాంటి బెల్లం పాకం పోస్తుంది.

"మన కుడుములే కదే అమ్మాయ్!" అన్నారు అత్తయ్యగారు. నేను ఉలిక్కిపడ్డాను. టీవీ ఆపేశాను.

"నేనూ నాలుగింటికే లేచేదాన్ని. కోతల రోజుల్లో ఇరవై మందికి వండాను. 'నువ్వు తిన్నావా' అని ఒక్కళ్ళూ అడగలేదు. మీ మామయ్య ఒక్కరే అడిగేవారు. అదీ పెరట్లోకొచ్చి, ఎవరూ వినకుండా." అంతే, భోరుమన్నారు. ఆయన పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు. ఆ పెరటి వరండాలో రెండేళ్ళుగా ఎందుకు కూర్చుంటున్నారో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు నేను యూట్యూబులో ఫ్లాప్ షో పెట్టాను. నాన్నలాగే ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. ఆవిడ గంభీరంగా విన్నారు. నచ్చలేదనుకుని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. పాలు పొంగే వేళకి ముందుగదిలోంచి నవ్వు వినిపించింది. "ఆ మేష్టరు విద్యార్థులచేత ఇంటి పని చేయిస్తున్నాడంటే!" అని తనలో తనే నవ్వుకుంటున్నారు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు ఉంటే, రోజూ ఒక అరగంట వాళ్ళ పక్కన కూర్చుని ఇలాంటిదేదైనా చూడండి. భాష రాకపోతే మీరే చెప్పండి. తప్పులు చెప్పినా ఫర్వాలేదు, మా నాన్నా బోలెడు తప్పులు చెప్పేవారట. నవ్వు వెంటనే రాలేదని మాత్రం టీవీ కట్టేయకండి.