తాతయ్య బొటనవేలు

మా ఇంట్లో ఆయుధపూజ అంటే స్పానర్లు, కత్తిపీట, నాన్న లాప్‌టాప్, నా డ్రాఫ్టర్, వాటి మధ్యలో ఒక రివాల్వర్. హాస్టల్లో ఈ మాట చెప్తే ఎవడూ నమ్మలేదు. "మీది ఇల్లా, ఫ్యాక్షన్ సినిమానా?" అన్నాడు మా రూమ్మేటు. ఫ్యాక్షన్ కాదు బాబూ, మిరపకాయలు.

తాతయ్యకి గుంటూరు మిర్చియార్డులో కమీషన్ కొట్టు ఉండేది. సీజన్లో రైతులకి ఇవ్వాల్సిన డబ్బంతా నోట్ల కట్టలుగానే తిరిగేది. ఒక ఖాకీ సంచీ, ఒక చేతక్ స్కూటర్, చీకటి పడ్డాక ఇంటికి ప్రయాణం. ఒక రాత్రి పక్క కొట్టాయన్ని దారికాచి కొట్టి సంచీ లాక్కెళ్ళారట. అప్పుడు తాతయ్య ఆఫీసుల చుట్టూ ఏడాదిన్నర తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. కొన్నది కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన పాయింట్ 32, ఆరు గుళ్ళది. పైన లివర్ నొక్కి వంచితే గొట్టం కిందికి వాలి, గుళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి. చిన్నప్పుడు నాకది టిఫిన్ బాక్స్ మూతలా అనిపించేది.

ఇరవై ఏళ్ళకి పైగా దాన్ని నడుముకి కట్టుకుని తిరిగాడు. ఒక్కసారి కూడా కాల్చలేదు, ఎవరి మీదా తీయలేదు. మనం సినిమాల్లో చూసేది తీయడం, కాల్చడం. నిజంగా మోసేవాడికి మాత్రం అది రోజూ పొద్దున ఒరలో పెట్టడం, రాత్రి ఒరలోంచి తీయడం, అంతే. ప్రమాదం కూడా ఎక్కువగా ఆ రెండు నిమిషాల్లోనే ఉంటుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి పిలిచి చూపించాడు. "చూడరా. చూపుడువేలు బయట, బొటనవేలు సుత్తి మీద. ఒరలోకి మొత్తం దిగేదాకా బొటనవేలు తీయకూడదు." హ్యామర్‌ని ఆయన సుత్తి అనేవాడు. మా బ్యాచ్‌లో ఆ మాటకి వేరే అర్థం ఉందని ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు.

బొటనవేలు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. సెకండియర్‌లో కైనమాటిక్స్ క్లాసులో సార్ ఫోర్ బార్ చెయిన్ గీస్తుంటే వెలిగింది. ఇలాంటి రివాల్వర్‌లో ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ వెనక్కి లేస్తుంది, సిలిండర్ అరవై డిగ్రీలు తిరుగుతుంది, చివర్లో హ్యామర్ పడుతుంది. అన్నీ ఒకదానికొకటి ముడిపడిన లింకులు. ఒరలో పెట్టేటప్పుడు చొక్కా అంచో, మెత్తబడి లోపలికి మడిచిన తోలు మూతో ట్రిగ్గర్‌కి అడ్డం పడిందనుకోండి. మీరు రివాల్వర్‌ని కిందికి తోస్తారు, ట్రిగ్గర్ మాత్రం అక్కడే ఆగిపోతుంది. నొక్కినట్టే కదా. అప్పుడు హ్యామర్ లేవడం మొదలెడితే బొటనవేలికి తెలుస్తుంది. ఒక లింకు పట్టుకుంటే మిగతావి కదలవు. సార్ బోర్డు మీద నలభై నిమిషాలు చెప్పింది తాతయ్య ఒక వేలితో చెప్పేశాడు.

ఆయనకి ఇంకో అలవాటు, ఆరు గుళ్ళ రివాల్వర్‌లో ఐదే నింపడం. హ్యామర్ కింది గది ఎప్పుడూ ఖాళీ. ఇది అమెరికా పశ్చిమ ప్రాంతాల పాత అలవాటని తర్వాత చదివాను. 1876 జనవరిలో కాన్సస్‌లోని విచిటాలో వయట్ అర్ప్ ఒక సెలూన్‌లో కుర్చీలో కూర్చుని ఉంటే రివాల్వర్ ఒరలోంచి జారి కింద పడి పేలింది. గుండు ఆయన కోటులోంచే దూసుకుపోయింది. సినిమాల్లో హీరోగా చూపించే ఆ వయట్ అర్పే! ఇంకోటి 1944లో. యుద్ధనౌక డెక్ మీద స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ పడి పేలి ఒక నావికుడు చనిపోయాడు. అప్పటికే అందులో సేఫ్టీ ఉంది, ఆ దెబ్బకి ఆగలేదు. కంపెనీ డిజైన్ మార్చి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప హ్యామర్‌కి అడ్డుగా నిలిచే కొత్త ముక్క పెట్టింది. ఒక మనిషి పోతేగానీ డ్రాయింగ్ మారలేదు. మనం డిజైన్ క్లాసులో ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఊరికే రెండు అని వేసేస్తాం.

అసలు సంగతికి వస్తాను. 2023 దసరాకి ఇంటికెళ్ళాను. పూజయ్యాక తాతయ్య రివాల్వర్‌కి అంటిన కుంకుమ తుడిచి, ఐదు గుళ్ళు నింపి, ఒరలో పెట్టబోయాడు. చెయ్యి వణుకుతోంది. ఆ ఒర నాకంటే పెద్దది, మూతి మెత్తబడి లోపలికి వాలిపోయింది. మొదటిసారి దిగలేదు. రెండోసారీ దిగలేదు. అప్పుడు చూశాను. బొటనవేలు సుత్తి మీద లేదు, చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఉంది. మూడోసారి తోశాడు, దిగింది. రెండడుగుల దూరంలో చెల్లి కింద కూర్చుని పులిహోర తింటోంది.

ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

నాన్నతో చెప్పాను. "నువ్వే చెప్పరా, నీ మాటైతే వింటాడు" అన్నాడు. నానమ్మతో చెప్తే, "నేను చెప్తే ఇంకో ఇరవై ఏళ్ళు కట్టుకుంటాడు" అంది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. బ్యాంకు ఖాతాలు, ఫోన్లు వచ్చాక సంచీ మోసే పని ఎప్పుడో తగ్గిపోయింది. కొట్టు కూడా బాబాయే చూసుకుంటున్నాడు. అయినా పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఒర కట్టుకుంటేనే ఆయనకి తను యార్డుకి వెళ్ళే మనిషి. అది తీసెయ్యమని ఎలా అంటాం?

నేను పిరికివాళ్ళు చేసే పని చేశాను. అంటే ఇంజినీర్లు చేసే పనే. సమస్య చెయ్యి అయితే పరిష్కారం ఒర అన్నట్టు, పోలీసు బెల్టులు కుట్టే ఆయన దగ్గరికెళ్ళి కొత్త ఒర కుట్టించాను. మందం తోలు, ట్రిగ్గర్ మొత్తం కప్పేట్టు, మూతి వాలిపోకుండా రెండు పొరలు, పైన ప్రెస్ బటన్ పట్టీ. పధ్నాలుగొందలైంది. మినీ ప్రాజెక్టుకని ఇంట్లో అడిగిన డబ్బులవి, ఈ వ్యాసంతో ఆ విషయం బయటపడుతుంది.

సంక్రాంతికి ఇచ్చాను. గుళ్ళు తీసి, ఖాళీ రివాల్వర్‌తో పెట్టి చూశాడు. బాగా దిగింది. తీయాలంటే మాత్రం పట్టీ బటన్ బొటనవేలితో ఎగదీయాలి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించాడు. రాలేదు. నాలుగోసారి ఎడమచేత్తో తీశాడు. "బాగా కుట్టాడురా" అని బల్ల మీద పెట్టాడు. కాసేపు తన కుడిచేతి వంకే చూసుకున్నాడు.

2016 ఆయుధ నియమాల ప్రకారం, చేతి తుపాకీని బయటికి తీసుకెళ్ళాలంటే ఒరలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసే మనిషికి దాని మీద అదుపు ఉండాలి. మొదటి రెండిటికీ నేను డబ్బులు పెట్టి కుట్టించాను. మూడోదాని గురించి చెప్పడానికి అప్పుడు కూడా నాకు నోరు రాలేదు.

మార్చిలో ఎన్నికల ప్రకటన వచ్చింది. లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో అప్పగించమని ఎప్పట్లాగే ఫోన్. ఆ శనివారం నేను ఇంట్లోనే ఉన్నా. మంచం మీద దుప్పటి పరిచి తాతయ్యే గుళ్ళు తీశాడు. ఒకటి జారి మంచం కిందికి దొర్లింది. వంగి తీసిచ్చాను. "ఐదేనా?" అన్నాడు. "ఐదే తాతయ్యా." స్కూటర్ మీద నేనే తీసుకెళ్ళాను. రైటర్ నంబరు రాసుకుని రసీదిచ్చాడు.

ప్రతి ఎన్నికకీ ఫలితాలొచ్చిన పది రోజుల్లో వెళ్ళి తెచ్చుకునేవాడట. ఈసారి జూన్‌లో స్టేషన్ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. "వెళ్దాంలే" అన్నాడు. జూలైలోనూ అదే మాట. అక్టోబర్ 1న ముంబైలో నటుడు గోవిందా కాలికి సొంత రివాల్వర్ గుండే తగిలిందన్న వార్త టీవీలో వచ్చింది. నాన్న గబగబా చానల్ మార్చబోతే "ఉండనీ" అన్నాడు. మొత్తం చూసి, "లైసెన్సు వెనక్కిచ్చేయడానికి ఏం రాయాలో కనుక్కో" అన్నాడు నాతో.

అర్జీ నేనే టైప్ చేశాను. సంతకం ఇంకా పెట్టలేదు. రసీదు బీరువాలో ఎల్ఐసీ కాగితాల కింద ఉంది.

ఆ దసరాకి స్పానర్ల పక్కన కొత్త ఒర ఒక్కటే పెట్టాడు, ఖాళీగా. బటన్ మీద కుంకుమ బొట్టు పెడుతుంటే చెయ్యి వణికి పక్కకి అంటింది. చెల్లి తుడిచి మళ్ళీ పెట్టింది.