చార్మినార్ దగ్గర నేర్చుకున్న దీపం లెక్క

మా ఊరు నాగార్జున సాగర్ వెనుక జలాల ఒడ్డున ఉన్నది. మా తమ్ముడు పొద్దుగూకే వేళ పుట్టి ఎక్కి నీళ్లలోకి వెళ్లి, వలలు వేసి, తెల్లవారుజామున తిరిగి వస్తాడు. పుట్టి అంటే బుట్టలాంటి గుండ్రటి చిన్న పడవ. అందులో ఒక మనిషి, వల, తెడ్డు పట్టగా మిగిలే చోటు బహు తక్కువ.

గత వర్షాకాలంలో ఒక రాత్రి ఉన్నట్టుండి గాలివాన లేచింది. తమ్ముడు తలకు కట్టుకున్న లైటు అప్పటికే మసకబారింది. సాయంత్రమంతా పాటలు వినడం వలన ఫోను కూడా ఆరిపోయింది. అతడు ఒక రాతిగుట్టను ఆనుకుని ఉండిపోయాడు. మేము ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తూ తెల్లవార్లూ గడిపాము. వెదకబోయిన వారికి అతడున్న చోటు తెలిపే వెలుగు చుక్క అయినా లేకపోయింది. ఉదయం క్షేమంగా వచ్చాడు గాని, అమ్మ ఆనాటి నుండి అతడు ఒడ్డు చేరేదాకా అన్నం ముట్టడం మానివేసింది.

ఇటీవల మా పెద్దమ్మాయి పెళ్లికి గాజులు కొనడానికి హైదరాబాదు బయలుదేరాము. తమ్ముణ్ణి కూడా వెంట తీసుకుని వెళ్లాము. ఇమ్లీబన్‌లో బస్సు దిగి, మూసీ వంతెన దాటి, పత్తర్‌గట్టీ మీదుగా నడిచాము. చార్మినార్ చేరకముందే ఒక పెద్ద కమాను వచ్చింది. దాని పేరు మచ్లీ కమాన్, అంటే చేప కమాను అని చెప్పగానే తమ్ముడు నవ్వి, "నన్ను చేపలు ఇక్కడ కూడా వదలవు" అన్నాడు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌ను, 1889లో దానికి అమర్చిన నాలుగు గడియారాలను తనివితీరా చూశాము. లాడ్ బజారులో గాజుల బేరాలు ముగిసేసరికి చీకటి పడింది. అప్పుడు మా కళ్లు తోపుడు బండ్ల మీద పడ్డాయి. పండ్లు, చెప్పులు, పూసలు అమ్ముకునే ప్రతి బండి మీదా తెల్లని చిన్న బల్బు వెలుగుతున్నది. వెనుకటి రోజులలో ఇలాంటి చోట పెట్రోమాక్స్ దీపాలు ఉండేవి. ఇప్పుడు బండి కింద చిన్న బ్యాటరీ ఉంటుంది. "అర్ధరాత్రి దాటినా ఆరదా?" అని ఒక పండ్ల బండి ఆయనను అడిగితే, పక్క సందులో బ్యాటరీలు బాగుచేసే పెద్దాయన దగ్గరకు పంపాడు.

తమ్ముడు జరిగినదంతా చెప్పాడు. పెద్దాయన విని, "బేటా, దీపం ఆరలేదు. నువ్వు లెక్క చూసుకోలేదు" అన్నాడు. ఒక అట్టముక్క తీసి లెక్క వేసి చూపించాడు. పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్-అవర్ బ్యాటరీలో 84 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఇది సీసపు బ్యాటరీ గనుక సగమే వాడుకోవాలి, అంటే 42. అయిదు వాట్ల బల్బు దానితో ఎనిమిది గంటలు వెలుగుతుంది. మసకబారేదాకా పీల్చితే బ్యాటరీ త్వరగా చెడుతుంది. వాడిన రోజే మరల చార్జింగు పెట్టాలి. లిథియం బ్యాటరీ అయితే బరువు సగం కూడా ఉండదు, ఎక్కువ శాతం వాడుకోవచ్చు గాని, ధర ఎక్కువ.

"నీళ్ల మీదకు పోతావు గదా, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పుట్టికి కట్టు. ప్లస్ తీగకు ఫ్యూజు వెయ్యి. తీగలు తడిసి కలిస్తే మంట లేస్తుంది" అన్నాడు. చివరికి ఒక చిన్న టార్చిలైటు చేతిలో పెట్టి, "ఇది పనికి కాదు, ఆపదకు. వల విప్పడానికి దీన్ని వెలిగించకు. ఫోను కూడా అంతే" అన్నాడు.

ఆ మాట మా మనసులో నాటుకుపోయింది. ఆ రాత్రి లోపం వస్తువులు లేకపోవడం కాదు. పనికి, పాటలకు, ఆపదకు ఒకే చార్జింగును నమ్ముకోవడం.

డబ్బు లెక్క చూస్తే కొంచెం తగ్గింది. మా అమ్మాయి ఒక జత గాజులు వెనక్కి ఇచ్చివేసి, "బాబాయి ఒడ్డుకు వస్తేనే గదా నా పెళ్లి పందిరి వేసేది" అన్నది. సీసపు బ్యాటరీ, బల్బు, టార్చి కొని ఇంటికి వచ్చాము.

పరదేశాలలో కయాక్ అనే సన్నని పడవలో రాత్రివేళ చేపలు పట్టేవారు, చేపల జాడ చూపే యంత్రం కూడా వెంట పెట్టుకుంటారు. వారికైనా లెక్క ఇదే: ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు. సముద్రం లేని హైదరాబాదులోనే 1999 నుండి ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉన్నది. చేపలు దొరికే తావులు, అలల హెచ్చరికలు సముద్రపు జాలరులకు అందజేస్తుంది. ఫోను ఆరిపోతే ఆ హెచ్చరిక ఎవరికి చేరుతుంది?

మీ ఇంట్లో రాత్రి వేటకు వెళ్లేవారుంటే ఇవి గుర్తుంచుకోండి. కొత్త బ్యాటరీని మొదట ఒక రాత్రి ఇంటి వద్దనే వెలిగించి, ఎన్ని గంటలు వస్తుందో చూడండి. సిగ్నలు లేనిచోట ఫోను దాని కోసం వెదుకుతూ చార్జింగు తింటుంది. అక్కడ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అనుకున్న వేళకే తెరవండి. ఫోనును, టార్చిని విడివిడిగా ప్లాస్టిక్ సంచులలో కట్టండి. ఆపదలో 112కు, సముద్రం మీదనైతే కోస్ట్ గార్డు వారి 1554కు ఫోను చేయవచ్చు.

ఇప్పుడు మా ఇంట ఒక ఏర్పాటు ఉన్నది. రాత్రి పది గంటలకు తమ్ముడు నీళ్ల మీద నుండి రెండుసార్లు లైటు వెలిగించి ఆర్పుతాడు. మేము ఒడ్డు నుండి ఒకసారి చూపుతాము. మొదటి రాత్రి ఆ రెండు మినుకులు కనబడగానే, అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి కంచం తెచ్చుకున్నది.