ఊడలు లేని శెనక్కాయ చెట్టు



పేరెంట్స్ మీటింగుకు వచ్చి మార్కులు తప్ప ఇంకేమీ అడగని తండ్రుల్లో నేనొకణ్ణి. "డ్రాయింగ్ పీరియడ్ ఎందుకు సార్, ఆ టైంలో ఇంకో మ్యాథ్స్ క్లాసు పెట్టండి" అని పోయినేడాది అన్నది నేనే. అందుకే మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పిల్లల బొమ్మల ప్రదర్శన ఉందని ఐదో తరగతి చదివే మా పాప పిలిస్తే, అరగంటలో తిరిగొచ్చేద్దామనే బయల్దేరాను. ఊరి నుంచి వచ్చిన మా నాయన కూడా తోడొచ్చారు.

హాలంతా తాళ్లు కట్టి క్లిప్పులతో బొమ్మలు తగిలించారు. ఒక మూల లేపాక్షి లతామండపం స్తంభాలు చూసి గీసిన తీగలు, పూలు. 16వ శతాబ్దపు గుడిలో చెక్కిన ఆ డిజైన్లు ఇప్పటికీ చీర అంచుల్లో కనిపిస్తాయి. మిగతావి ఎక్కువగా ఆకుల అచ్చులే: వేప, కానుగ, తంగేడు. మీరూ ఇంట్లో చేయించవచ్చు. ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వెనకవైపు పోస్టర్ కలర్ పల్చగా పూసి, కాగితం మీద బోర్లించి, పైన పాత పేపరు వేసి అరచేత్తో అదమాలి. రంగు ఎక్కువైతే ముద్దవుతుంది. మా డైనింగ్ టేబులే సాక్ష్యం.

మా పాప శెనక్కాయ చెట్టు వేసింది. నాలుగేసి ఆకులు అచ్చు వేసి, పసుప్పచ్చ పూలు, మట్టి కింద కాయలు పెన్సిల్‌తో గీసింది. నాకు బాగానే అనిపించింది. మా నాయన అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"కాయలు వేరుకు కట్టినావే పాపా. ఊడలేవి?"

పాపకు అర్థం కాలేదు. ఆ కాయలమ్మిన డబ్బుతో చదువుకున్న నాకూ వెంటనే తట్టలేదు.

అక్కడే కుర్చీ లాక్కుని చెప్పారు. పువ్వు పైనే పూస్తుంది. తర్వాత అక్కణ్ణుంచి ఊడ కిందికి వంగి మట్టిలోకి దిగితే, దాని కొసన కాయ ఊరుతుంది. "ఊడ దిగే దినాల్లో వాన పడాల. నేల గట్టిబడితే ఊడ దిగలేదు, పైనే ఎండిపోతాది."

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురంలో అదను తప్పితే అంతే కదా.

"అట్లయినప్పుడు ఏం చేసినావు తాతా?"

"ఒగసారి ఎద్దులమ్మినా. మీ నాయనకు కాలేజీ ఫీజు కట్టల్ల కదా."

ఆ సంగతి నాకు తెలియదు. ఎద్దులు ముసలివైపోయాయని అప్పట్లో నాతో అన్నారు. ఇంకేం అడగాలో తోచక, పక్కనున్న బొమ్మలు చూస్తున్నట్టు నిలబడ్డాను.

పాప ఎవరినో పెన్సిల్ అడిగి తెచ్చి, బొమ్మ కిందికి దించి, తాత చెప్తుంటే ఒక్కో ఊడా గీసింది. హాలు మూసేదాకా అక్కడే ఉన్నాం.

ఈ నెల మీటింగులో డ్రాయింగ్ సార్‌ను కలవాలి. పోయినేడాది నేనన్న మాట ఆయనకు గుర్తుండే ఉంటుంది.