నా టైం టేబులు

దసరా సెలవులయ్యాక నేనొక టైం టేబులు రాసి నా ట్రంకుపెట్టె మూత లోపల అంటించాను. తెల్లవారుజామున 4 నుంచి రాత్రి 12 దాకా చదువే చదువు. ఆట లేదు. ఎందుకంటే లెక్కల్లో నాకు 100కి 19 వచ్చాయి. పది తప్పితే ఇక పోడు పనికే అన్నాడు మా అయ్య.

గదిలో లైట్లు ఆర్పాక వరండా బల్బు కింద దోమల్లో కూర్చునేవాణ్ణి. వారం తిరగలేదు, లెక్కల క్లాసులోనే నిద్ర! సారు లేపితే "వత్తన్నానమ్మా" అన్నానట. అందరూ ఒకటే నవ్వు. సారు తిట్టలేదు. "మీ వయసుకి రాత్రి 8 గంటలైనా నిద్ర కావాలిరా" అన్నారు.

ఇప్పుడు తొమ్మిదిన్నరకే పడుకుంటున్నా. అయిదున్నరకి లేచి, బోరింగు దగ్గర వరస పెరగకముందే స్నానం కానిచ్చి, గంటసేపు లెక్కలే చేస్తున్నా. అదివరకు భయంకొద్దీ లెక్కల్ని రాత్రి చివరికి నెట్టేసేవాణ్ణి. అప్పటికి కళ్లు మూతలు పడేవి. సాయంత్రం కబడ్డీకి పోతున్నా. రాత్రి తెలుగు, సోషల్.

మొన్నటి పరీక్షలో 34 వచ్చాయి. పాసు 35! ఆదివారం మా అయ్య వస్తాడు. మార్కుల కాగితం టైం టేబులు పక్కనే పెట్టాను. చూపిస్తాను.