చక్రం తిరిగితేనే డబ్బులు

డాలస్‌కి దక్షిణంగా, ఇంటర్‌స్టేట్ 20 పక్కన ఉన్న ఆ ట్రక్ స్కూలుకి ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు. అసలు స్కూలంతా దాని వెనకున్న తారు మైదానమే. తెల్ల గీతలు, ఆరెంజ్ కోన్లు, కొన్ని పాత ట్రాక్టర్లు, వాటికి తగిలించిన 53 అడుగుల ట్రైలర్లు. చూడటానికి రావచ్చా అని ఫోన్లో అడిగితే, పొద్దున్నే రండి, ఎండ ముదిరాక ఇక్కడ ఎవరికీ మాట్లాడే ఓపిక ఉండదు అన్నారు.

నేను వెళ్లేసరికి ఒక కుర్రాడు క్యాబులో కూర్చుని ఎయిర్ బ్రేకుల పాఠం అప్పజెబుతున్నాడు. ఇంజను ఆపి, బ్రేకు పెడలు తొక్కిపట్టి నిమిషం లెక్కపెట్టాలి. ట్రాక్టరూ ట్రైలరూ కలిసిన బండికి ఆ నిమిషంలో గాలి 4 పీఎస్ఐకి మించి పడకూడదు. ఆ తర్వాత పెడల్ని పదేపదే తొక్కి గాలి దించుతుంటే, ముల్లు 55 కిందికి జారకముందే బజర్ మోగాలి. ఇంకా దించితే 45కీ 20కీ మధ్య ఎక్కడో డాష్‌బోర్డు మీది ఎర్ర నాబు, పసుపు నాబు టప్‌మని బయటికి తన్నుకురావాలి. వచ్చాయి. ఆ చప్పుడుకి నేను ఉలిక్కిపడితే కుర్రాడు నవ్వాడు. గాలి పోతే బ్రేకు ఫెయిలవుతుందేమో అనుకునే నాలాంటి కారు మనుషులకి, ఇక్కడ గాలి పోతే స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టేసుకుంటాయని తెలియడం కొత్త సంగతే.

తర్వాత బండి చుట్టూ తిరుగుడు. ముట్టుకుంటూ, పేరు చెబుతూ, ఏది ఎలా ఉండాలో చెప్పాలి. స్టీరింగు టైర్లకి గాడి లోతు అంగుళంలో 32వ వంతులు నాలుగైనా ఉండాలి, మిగతావాటికి రెండు చాలు. నట్ల దగ్గర తుప్పు చార కనిపిస్తే అది వదులైందని అనుమానించాలి. సరుకుతో కలిపి 80,000 పౌన్లు, అంటే 36 టన్నుల పైచిలుకు బండి. ఈ శ్రద్ధ చాదస్తమేం కాదు.

2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తగా లైసెన్సు కావాలనుకునేవాళ్లు ఫెడరల్ ప్రభుత్వ జాబితాలో ఉన్న స్కూల్లోనే నేర్చుకోవాలి. థియరీలో 80 శాతం మార్కులు రావాలి. కానీ స్టీరింగు ముందు ఇన్ని గంటలు కూర్చోవాలని మాత్రం ఆ రూలు చెప్పదు. మంచి స్కూలూ చెడ్డ స్కూలూ వేరయ్యేది అక్కడేనని నాకనిపించింది. క్లాసులో పంజాబీ, స్పానిష్ గొంతులే ఎక్కువ. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో అప్పజెప్పాల్సిందే. రోడ్డు మీద అధికారి అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పలేని డ్రైవర్ని 2025 జూన్ నుంచి అక్కడికక్కడే బండి దింపేస్తున్నారు.

పదింటికి అందరూ షెడ్డులోకి వచ్చారు. ముప్పయ్యేళ్లు బండి తోలి రిటైరైన పెద్దాయన జీతాల పాఠం మొదలెట్టాడు. నేను వెళ్లిందే దీనికోసం.

“మైలుకి 55 సెంట్లు ఇస్తామన్నారనుకోండి. డాలస్ నుంచి అట్లాంటా సుమారు 780 మైళ్లు. ఎంతొస్తుంది?”

429 డాలర్లు అన్నారు వెనక బెంచీవాళ్లు. పెద్దాయన దాన్ని కొట్టేసి 407 అని రాశాడు. చాలా కంపెనీలు ఓడోమీటరు చూసి డబ్బులివ్వవు. ఊరి పిన్‌కోడు నుంచి ఊరి పిన్‌కోడుకి అతి దగ్గరి దారి లెక్కగట్టే మైళ్ల పట్టీ ఒకటి ఉంటుంది. సామాన్లు తరలించే కంపెనీల కోసం రాండ్ మెక్‌నాలీ వేసిన లెక్క అది. పట్టీలో 740 మైళ్లుంటే, మిగతా 40 మీరు ఊరికే తోలినట్టు.

తర్వాత గంటలు రాశాడు. లోడు కోసం మూడు, తోలడం పదమూడు, దింపడానికి నాలుగు, పొద్దున్న మీరు చేసిన చెకింగుకి మొత్తంమీద ఒకటి. ఇరవై ఒకటి. భాగిస్తే గంటకి 19 డాలర్ల చిల్లర. దారిలో ట్రక్కులోనే పడుకున్న పది గంటలు ఇందులో లేవు. పొద్దున్నంతా వేలు పెట్టి చూపిస్తూ నేర్చుకున్న ఆ చెకింగుకి మైళ్లు లేవు గనక డబ్బులూ లేవు. క్లాసులో ఎవరూ ఈ మాట పైకి అనలేదు.

రాష్ట్రాలు దాటే ట్రక్కు డ్రైవర్లకి ఓవర్‌టైం ఇవ్వక్కర్లేదని 1938 నాటి ఫెడరల్ కార్మిక చట్టంలోనే మినహాయింపు ఉంది. కనీస వేతనం గంటకి 7.25 డాలర్ల దగ్గర 2009లో ఆగింది, కాబట్టి ఆ లెక్కలో కంపెనీలు పట్టుబడటం అరుదు. మరోవైపు డ్యూటీ ఎక్కిన క్షణం నుంచి 14 గంటల గడియారం నడుస్తుంది, అందులో తోలేది 11 గంటలే. 2017 డిసెంబరు నుంచి ఆ గంటల్ని క్యాబులోని ఎలక్ట్రానిక్ పెట్టే రాసుకుంటోంది. గోడౌన్ గేటు దగ్గర కూర్చుంటే డబ్బులు ఆగిపోతాయి గానీ ఆ గడియారం మామూలుగా ఆగదు. పోగొట్టుకున్న గంటల్ని రాత్రి వేగంతో రాబట్టుకోవాలని మనసు లాగుతుంది. కూలి కట్టే పద్ధతే అలసిన మనిషిని తొందరపెడుతుంటే, భద్రత గురించి గోడకి ఎన్ని పోస్టర్లు అంటిస్తే ఏం లాభం?

విరామంలో బజర్ కుర్రాడు నా దగ్గరికొచ్చి తెలుగులో పలకరించాడు. నరసరావుపేట వాళ్లట, గ్యాస్ స్టేషన్లో పనిచేసి విసిగి ఇటొచ్చాడు. “మా నాన్న ఆటోనగర్ లారీలు తోలేవాడండీ. ట్రిప్పుకింత, దారి ఖర్చులకి బత్తా. సరుకు దిగక రెండ్రోజులు పడుంటే హాల్టింగ్ డబ్బుల కోసం ఓనరుతో పోట్లాట. ఇక్కడా అదే పోట్లాట, కాకపోతే యాప్‌లో.” మొదటి రెండు గంటలు ఊరికే కూర్చోబెట్టుకోవడం ఇక్కడ మామూలు, ఆ తర్వాతే నిరీక్షణకి లెక్క మొదలవుతుంది. అది డ్రైవర్ దాకా వస్తుందా, ఎంతొస్తుంది అన్నది కంపెనీని బట్టి. ఫీజు తామే కట్టి చేర్చుకునే కంపెనీలు కూడా అతనికి ఫోన్ చేస్తున్నాయట. ఏడాది నిండకుండా మానేస్తే ఆ ఫీజు తిరిగి కట్టాలి.

మేం మాట్లాడుతుండగానే ఒక రిక్రూటర్ ఫోన్. మైలుకి 60 సెంట్లు అంది అవతలి గొంతు. కుర్రాడు నా వంక చూసి, పాఠం అప్పుడే వాడేశాడు. ఏ మైళ్లండీ, పట్టీ మైళ్లా, ఓడోమీటరువా? ఖాళీ ట్రైలరుతో తిరిగే మైళ్లకి కూడా అదే రేటా? కనుక్కుని మళ్లీ చేస్తానని పెట్టేసిందట ఆవిడ. నేను బయల్దేరేదాకా అయితే చెయ్యలేదు.