ఇసుక పద్దు

సహారా ఎడారిలో జరిగే 'మారథాన్ దె సాబ్ల్' పరుగుకు పేరు ఇవ్వాలంటే మూడు వేల యూరోలకు పైనే కట్టాలి. విమానం టికెట్లు, సామాను, వైద్య పరీక్షలు, చేతి ఖర్చులు కలుపుకుని నేను వేసుకున్న లెక్క ఆరు లక్షల రూపాయలు. కొత్తగూడెంలో బొగ్గు బాయి జీతం మీద నడిచే ఇంటికి ఆరు లక్షలంటే చిన్న మాట కాదు. "అంత డబ్బు పోసి ఎండలో ఉరకడానికి పోవాల్నా? మనకాడ ఎండ లేదా?" అని మా సెక్షన్‌లో అడగని మనిషి లేడు. న్యాయమైన ప్రశ్నే. మే నెలలో కొత్తగూడెం, మణుగూరు, భద్రాచలం వైపు ఎండ 45 డిగ్రీలు దాటితే ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆ పరుగు మీద నాకు ప్రేమ ఎందుకు పుట్టిందో చెప్పగలను. ఫ్రాన్స్‌కు చెందిన ప్యాట్రిక్ బవర్ 1984లో అల్జీరియా సహారాలో ఒంటరిగా, తిండీ నీళ్లూ వీపున మోసుకుంటూ 12 రోజుల్లో 350 కిలోమీటర్లు నడిచాడు. ఆ అనుభవంతోనే 1986లో మొరాకోలో ఈ పోటీ మొదలుపెట్టాడు. మొదటి ఏడు వచ్చింది 23 మంది. ఇప్పుడది సుమారు 250 కిలోమీటర్లు, వారం రోజుల వ్యవహారం. నిర్వాహకులు నీళ్లు ఇస్తారు, పడుకోవడానికి గుడారం ఇస్తారు. మిగతాదంతా, అంటే వారానికి సరిపడా తిండి, పక్క, మందులు, దిక్సూచి, సంచిలోనే ఉండాలి. ఆ సంచి బరువు ఆరున్నర కిలోలకు తగ్గకూడదు, 15 కిలోలకు మించకూడదు. రోజుకు కనీసం 2,000 కెలోరీల తిండి ఉందని చూపించాలి. వెళ్లే ముందే ఏది కావాలో ఏది అక్కర్లేదో తేల్చుకుని, తేల్చుకున్నదాన్ని వారం పాటు సొంత వీపు మీద మోయాలి. డబ్బు విషయంలోనూ నేను నమ్మే పద్ధతి అదే. అందుకే ఈ పరుగు నాకు నచ్చింది.

బరువుకూ ధరకూ ఉన్న సంబంధం సామాను కొనేటప్పుడు తెలుస్తుంది. మామూలు స్లీపింగ్ బ్యాగు కిలోన్నర తూగుతుంది, రెండు మూడు వేలకు దొరుకుతుంది. అరకిలో తూగేది కావాలంటే ధర పది రెట్లు కూడా అవుతుంది. అక్కడ తగ్గే ప్రతి గ్రాముకూ డబ్బు కట్టాలి. అందుకని వంటింటి తూకం తెచ్చుకుని, కాగితం మీద ప్రతి వస్తువుకూ రెండు గళ్లు గీసుకున్నాను. ఒకటి గ్రాములకు, ఇంకొకటి రూపాయలకు. పక్కకూ సంచికీ డబ్బు పెట్టాల్సిందే, అక్కడ పొదుపు చేస్తే నడుము పోతుంది. తిండి దగ్గర లెక్క మారింది. నీళ్లు పోసుకుని తినే విదేశీ ప్యాకెట్లు ఒక్కోటి ఏడెనిమిది వందలు. వేయించిన పల్లీలు వంద గ్రాములకు 560 కెలోరీల పైచిలుకు ఇస్తాయి, నువ్వులు కూడా అంతే, ఎండుకొబ్బరి 650 దాటుతుంది. నువ్వుండలు, పల్లీ చిక్కీ, కొబ్బరి ముక్కలు, అటుకులు, పేలపిండి. మా ఇంట్లో తయారయ్యే ఈ సరుకుతో మూడొంతులు గడిచిపోతుంది. రాత్రి పూట వేడి తిండికి మాత్రం కొన్ని ప్యాకెట్లు కొంటాను. దీంతోనే ముప్పై వేల దాకా తగ్గింది.

సాధనకు ఖర్చు లేదనుకుంటారు చాలామంది. భద్రాచలం దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గోదావరి ఒక పక్కకు ఒదిగిపోయి ఇసుక తిన్నెలు బయటపడతాయి. బూట్లలోకి ఇసుక దూరకుండా అంచుల చుట్టూ గుడ్డ కుట్టించుకుని, సంచిలో బియ్యం పోసుకుని ఆ తిన్నెల మీద పరుగెత్తుతాను. దానికి ఎవరికీ రూపాయి కట్టేది లేదు. కానీ పొడుగు పరుగుకు కుదిరేది ఆదివారమే. మా బాయిలో ఆదివారం డ్యూటీని ప్లేడే అంటాం, దానికి రెట్టింపు మస్టర్, అంటే రెట్టింపు జీతం పడుతుంది. ఇసుకలో గడిపిన ప్రతి ఆదివారం ఆ డబ్బు వదులుకున్నట్టే. చేతిలోంచి పోయేది కాదు కనుక ఎవరూ దీన్ని ఖర్చుగా రాయరు. నేను రాశాను. ఏడాది చివర కూడితే బూట్లకూ సంచికీ పెట్టినదానికన్నా ఎక్కువే తేలింది. ఆ అంకె మా ఆవిడకు చూపించి, ఇద్దరం కూర్చుని, నెలలో రెండు ఆదివారాలు ఇసుకకు, మిగతావి డ్యూటీకి అని ఖరారు చేసుకున్నాం.

మరి ఆరు లక్షలు ఎక్కడివి? నెల జీతం నుంచి ఒక్క రూపాయి తీయకూడదన్నది నా మొదటి నిబంధన. జీతం ఇంటిది. నేను పనిచేసే సింగరేణిలో దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ వస్తాయి. 2024లో కంపెనీ విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. ఆ ఏడు దీపావళి బోనస్ 93,750 రూపాయలు. ఆ డబ్బులు పడే వారం కొత్తగూడెం బజార్లో నిలబడి చూస్తే తెలుస్తుంది, బంగారం కొట్లు, బైక్ షోరూములు, అప్పులవాళ్లు అందరూ మా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఏడాదికోసారి వచ్చే ముద్ద డబ్బు చేతిలో నిలవడం కష్టం.

దాన్ని ఎలా నిలపాలో నాకు బాగా అర్థమైంది కిన్నెరసాని రోడ్డులో. వేసవిలో తెల్లవారుజామున అటు పరుగెత్తుతుంటే తునికాకు కోసుకుని తిరిగొచ్చే కోయ ఆడవాళ్లు కనిపిస్తారు. యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్పాలి, ఆ పని కొన్ని వారాలే ఉంటుంది. ఒకసారి చెట్టు కింద ఆగి నీళ్లు తాగుతుంటే ఒక పెద్దామె ఎందుకు ఉరుకుతున్నావని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు. "ఆకు పైసలు ఏం చేస్తారమ్మా?" అని నేనడిగాను. "విత్తనాలకి కొంత, మందులకి కొంత తీసి ముడేస్తాం బిడ్డా. అవి పోయినంక మిగిలిందే పండక్కి" అంది. ముందు తీసి ముడి వేయడం, ఆ తర్వాతే పండగ. ఈ వరస నాకు ఏ బ్యాంకు మేనేజరూ ఇంత తేటగా చెప్పలేదు.

మా ఇంటి ముడులు ఇవి. ఆరు నెలల ఇంటి ఖర్చు కదపకుండా ఒక ఖాతాలో. పాప పేరు మీద సుకన్య సమృద్ధి, 2015లో ఆ పథకం వచ్చిన ఏడే తెరిచాం. 2024 జనవరి నుంచి దానికి 8.2 శాతం వడ్డీ, పాపకు 18 నిండాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. ఇంటి అప్పు వాయిదా. నా మీద టర్మ్ పాలసీ. ఇవన్నీ అయ్యాక లాభాల వాటాలో మిగిలినదాన్నుంచి నాలుగో వంతు పరుగు ఖాతాకు వెళ్తుంది. దానికి ఏటీఎం కార్డు తీసుకోలేదు.

తోటివాళ్లు దగ్గరి దారులు చాలా చెప్పారు. ఐదు లక్షల చిట్టీ ఎత్తుకొమ్మన్నాడొకడు. నెలకు పదివేల చొప్పున యాభై నెలల చిట్టీ అది. మొదట్లోనే పాడుకోవాలంటే లక్షన్నర దాకా వదులుకోవాలి, చేతికొచ్చేది మూడున్నర లక్షలు, కట్టాల్సింది మాత్రం పాటలో తగ్గింపు పోను యాభై నెలలూ. నిర్వాహకుడి కమీషన్ చట్టంలోనే 5 నుంచి 7 శాతానికి పెరిగింది 2019లో. కూతురి పెళ్లికో ఆపరేషన్‌కో అయితే అది ఆదుకునే మార్గమే, కాదనను. పరుగుకు కాదు. క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టుకోమన్నాడు ఇంకొకడు. గడువు దాటితే ఆ వడ్డీ నెలకు మూడు శాతం పైన, ఏడాదికి 36 పైమాటే. బాయి పీఎఫ్‌లోంచి తీయమన్న సలహా మీద నేను ఆలోచించను కూడా లేదు. అది మేం ముసలివాళ్లమయ్యాక తినే అన్నం.

ఎవరి డబ్బు, దేనికి అన్న ప్రశ్న మా ప్రాంతానికి పాతదే. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి, వసూలైన శిస్తుతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు. ఆరు లక్షలని చెప్పుకుంటారు. గోల్కొండ పాలకుడు తానీషా ఆయన్ని అక్కడే పన్నెండేళ్లు ఖైదులో ఉంచాడు. జైల్లో ఆయన పాడుకున్న 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన వింటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. సీతమ్మ చింతాకు పతకం మొదలు తమ్ముళ్ల నగల దాకా ఏది ఎన్ని వరహాలో, ఎన్ని మొహరీలో దేవుడి ముందే పద్దు చదువుతాడు. దాచింది లేదు, తిన్నది లేదు. అయినా ఆ సొమ్ము మీద ఇంకొకరికి హక్కుంది కనుక శిక్ష తప్పలేదు. ఆ గుడికి మొక్కే మనిషిగా చెబుతున్నాను, ఎంత పవిత్రమైన కోరికైనా ఇంకొకరి హక్కున్న డబ్బుతో తీర్చుకుంటే దాని బరువు ఏళ్ల తరబడి మోయాలి. నా పరుగు గుడి కూడా కాదు. నా ఇంట్లో వాళ్ల హక్కున్న రూపాయి దాంట్లోకి రాకూడదు.

ఎవరి డబ్బు, దేనికి అన్న ప్రశ్నకు రెండో పక్క చూపే ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కాడు. ఖర్చు భరించినవి సాంఘిక సంక్షేమ గురుకులాలు. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాకా సాగింది. ప్రజల డబ్బు అలాంటి పిల్లల మీద పెట్టడం నాకు ఎంతో ఇష్టమైన ఖర్చు, ఇంకా పెట్టాలి. చర్ల రోడ్డులో వెళ్తుంటే బడి పిల్లల నోట ఇప్పటికీ ఆ పేరు వినిపిస్తుంది. జీతం, బోనస్ ఉన్న నాలాంటి వాడు మాత్రం స్పాన్సర్ల కోసం తిరగడం నాకు సరిపడలేదు. ఆ చెయ్యి చాపే అవసరం ఏజెన్సీ పిల్లలది.

2022 జూలైలో నా లెక్కలకు అసలు పరీక్ష వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. నది దగ్గరి కాలనీలో ఉన్న మా మామగారి ఇంట్లో అటక దాకా నీళ్లు. బియ్యం, పరుపులు, ఫ్రిజ్, కుట్టు మిషను, గోడల పూత, కరెంటు తీగలు, అన్నీ పోయాయి. పరుగు ఖాతాలో అప్పటికి లక్షా ఎనభై వేలు ఉన్నాయి. "ఆపదకని పెట్టిన డబ్బు ఉంది కదండీ, దాంట్లోంచి తీద్దాం. ఇది ముట్టుకోకండి" అంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. 1986లో గోదావరి రికార్డు స్థాయిలో 75.6 అడుగులకు వచ్చింది ఆగస్టులో. మేం మాట్లాడుకుంటున్నది జూలైలో. ఇంకోసారి నీళ్లొస్తే ఆపద డబ్బే దిక్కు. ఎవరి హక్కూ లేని డబ్బు ఇదొక్కటే, కాబట్టి ఎవరికైనా మొదట ఇవ్వగలిగిందీ ఇదే. ఖాతా మొత్తం తీసేశాం. మామగారు తిరిగి ఇస్తానన్నారు. "మీరు ముందు ఇల్లు సర్దుకోండి మామయ్యా" అన్నాను. సహారా రెండేళ్లు వెనక్కి జరిగింది. అప్పటి నుంచి మా ఇంట్లో అదే వరస, కష్టం వస్తే ముందు ఖాళీ అయ్యేది పరుగు ఖాతా.

ఆ వ్యవధిలో థార్‌కు వెళ్లాను. జైసల్మేర్ నుంచి లోంగేవాలా వైపు సాగే 'బోర్డర్' పరుగులో 50, 100 కిలోమీటర్లు, 100 మైళ్ల పందేలు ఉంటాయి. నేను 100 కిలోమీటర్లది ఎంచుకున్నాను. ఎక్కువగా తారు రోడ్డే, ఎండకన్నా రాత్రి చలే ఎక్కువ బాధపెట్టింది. ఖమ్మంలో రైలెక్కి, స్లీపర్లో వెళ్లి, తిరిగి ఇంటికి చేరేదాకా అన్నీ కలిపి నలభై వేల లోపు. సహారాలో అయ్యేదాంట్లో పదిహేనో వంతు కూడా కాదు. ఎడారి పరుగు రుచి చూడాలనుకునే వాళ్లకు నేను ముందు చెప్పేది థార్ గురించే. పాదాలు అంత దూరానికి ఓర్చుకుంటాయా, ఆకలి లేకపోయినా తినగలమా, ఇంట్లోవాళ్లు వారం పాటు మనం లేకుండా సర్దుకోగలరా, ఈ సంగతులు నలభై వేలలో తేలిపోతాయి.

విదేశీ చెల్లింపుల్లో చిన్నచిన్న కోతలు చాలా ఉంటాయి. కార్డుతో యూరోల్లో కడితే చాలా బ్యాంకులు మూడు శాతం అటూ ఇటూగా అదనం వేస్తాయి. టూర్ ప్యాకేజీగా కొంటే టీసీఎస్, అంటే ముందే వసూలు చేసే ఆదాయ పన్ను, పడుతుంది. 2023 అక్టోబరు నుంచి 7 లక్షల దాకా 5 శాతం, ఆ పైన 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్‌లో ఆ హద్దు 10 లక్షలైంది. బడ్జెట్లలో ఇవి మారుతుంటాయి, కట్టే రోజున చూసుకోవాలి. రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. దాన్నీ ముందే పక్కన పెట్టుకోవాలి.

బీమా గురించి మాత్రం గట్టిగా చెబుతాను. మామూలు ట్రావెల్ పాలసీలు సాహస క్రీడలను మినహాయించేవే ఎక్కువ. ఎడారిలో కాలు విరిగి హెలికాప్టర్ ఎక్కించాల్సి వస్తే ఖర్చు ఎవరిదో పాలసీ కాగితంలో చదివి తెలుసుకోవాలి, ఏజెంటు మాట సరిపోదు. టర్మ్ పాలసీ కంపెనీకీ ఈ పరుగుల సంగతి రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకున్నాను. ఆ కాగితాలు, ఖాతాల వివరాలు, నామినీల పేర్లు ఒక ఫైల్లో పెట్టి మా ఆవిడ చేతికిచ్చాను.

ఆమె ఆ ఫైలు ఓపిగ్గా అంతా చదివింది. చివరి కాగితం తిప్పి, "నాకూ ఇలాంటి ఖాతా ఒకటి తెరవండి" అంది. దేనికని అడిగాను. "ఇంకా అనుకోలేదు. ఖాతా ఉంటే అనుకుంటాను" అంది. ఆ దసరా నుంచి లాభాల వాటాలో ముడులు పోగా మిగిలినదాంట్లో నాలుగో వంతు నాది, నాలుగో వంతు ఆమెది. నా ఆరు లక్షలు చేరడానికి ఇంకో ఏడు పడుతుంది.